నీళ్లలో దిగే లారీ

పాత మిలిటరీ లారీని బాగుచేయడం ఒక ఎత్తు, నీళ్లలో ఈదే మిలిటరీ లారీని బాగుచేయడం ఒక ఎత్తు. రోడ్డు మీద చిన్న లీకు అంటే నేల మీద ఆయిల్ మరక. చెరువులో అదే లీకు ప్రాణాల మీదికి తెస్తుంది. ప్రదర్శనలకు వచ్చినవాళ్లు ఈ బండ్ల రంగు చూస్తారు, టైర్లు చూస్తారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అసలు పనితనం కనపడనిచోట ఉంటుంది. రబ్బరు తొడుగుల్లో, వాటిని బిగించే క్లాంపుల్లో, అడుగున ఉండే బిరడాల్లో.

ఈ జాతి బండ్లలో పేరుమోసింది అమెరికా వాళ్ల ‘డక్’. 1942లో జనరల్ మోటార్స్ రెండున్నర టన్నుల ఆరు చక్రాల లారీ యంత్రాంగాన్ని తీసుకుని దాని చుట్టూ పడవ కట్టారు. ఆ పడవ రూపం గీసిన వారిలో ఒకడైన రాడ్ స్టీఫెన్స్ పందెపు తెరచాప పడవల్లో ఆరితేరినవాడు. ఒకే ఇంజన్ రోడ్డు మీద చక్రాలను తిప్పి గంటకు 80 కిలోమీటర్లు, నీళ్లలో ప్రొపెల్లర్‌ను తిప్పి 10 కిలోమీటర్లు నడిపిస్తుంది. 21 వేలకు పైగా తయారయ్యాయి. సిసిలీలో, నార్మండీలో ఓడల నుంచి సామాను నేరుగా ఒడ్డు దాటించాయి. డ్రైవరు సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించి ఇసుక దాటి, గట్టి నేల రాగానే మళ్లీ నింపుకునే ఏర్పాటు కూడా వీటిలో వచ్చింది. ఎనభై ఏళ్ల కిందట అది చిన్న విషయం కాదు.

మనకిది దూరపు ముచ్చటేమీ కాదు. శంషాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి వైపు వెళ్తే ఎద్దుమైలారం. 1984లో మొదలైన అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలోనే ‘సారథ్’ తయారవుతుంది. సోవియట్ వాళ్ల బీఎంపీ-2 అనే, సైనికులను మోసే ట్రాకుల యుద్ధవాహనానికి ఇది మన రూపం. బరువు 14 టన్నులపైన, అయినా తేలుతుంది. దీనికి ప్రొపెల్లర్ లేదు. ముందు పలక పైకెత్తి, లోపలి నీళ్లు తోడే పంపులు ఆన్ చేసి దిగితే, ట్రాకులే నీటిని వెనక్కి నెట్టి గంటకు ఏడు కిలోమీటర్ల దాకా తీసుకుపోతాయి. సైన్యంలో ఇలాంటి బండ్ల మరమ్మతు ఈఎంఈ విభాగం చూస్తుంది. దాని పెద్ద కాలేజీ సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది. నీళ్లలో దిగే బండిని కట్టేవాళ్లు, దాని రోగం కనిపెట్టేవాళ్లు, ఇద్దరూ మన చుట్టుపక్కలే ఉన్నారన్నమాట.

డక్ లాంటి పాత బండిని బాగుచేయడం ఒంటి రేకుతో మొదలవుతుంది. ఆ రేకు మందం మహా అయితే మూడు మిల్లీమీటర్లు. చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ పోతారు. మంచి రేకు ఖణేల్మంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. అక్కడ కోసేసి కొత్త ముక్క వేయాలి. పొడవునా ఒకే ఊపున వెల్డింగ్ చేస్తే వేడికి పలచటి రేకు ముడుచుకుపోతుంది. అందుకే ఇక్కడో అంగుళం, అక్కడో అంగుళం, మధ్యలో చల్లారనిచ్చి పట్టిస్తారు. ఓపిక లేనివాడి చేతికి ఈ పని ఇవ్వకూడదు.

అతుకు పడిందా లేదా తేల్చడానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. బయటివైపు సుద్దనీళ్లు పూసి ఆరబెడతారు. లోపలివైపు అతుకు వెంబడి కిరోసిన్ రాస్తారు. కంటికి ఆనని సూదిబెజ్జం ఉన్నా కిరోసిన్ అందులోంచి పాకి, తెల్లటి సుద్ద మీద మచ్చగా తేలుతుంది. మచ్చ పడ్డచోట గుర్తుపెట్టి, కిరోసిన్ జాడ లేకుండా తుడిచి, అతుకు గ్రైండ్ చేసి మళ్లీ పట్టించాలి. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేని ఈ పద్ధతి మీద నాకు గొప్ప గౌరవం.

ఇక షాఫ్టులు. చక్రాలకు శక్తిని అందించే షాఫ్టులు పడవ ఒంటిని చీల్చుకుని బయటికి రావాలి. వచ్చినచోటల్లా రంధ్రమే. రంధ్రానికి రబ్బరు తొడుగు, తొడుక్కి క్లాంపు. 1999 మే 1న అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో హామిల్టన్ సరస్సులో పర్యాటకులను తిప్పే ఒక డక్ మునిగి 13 మంది చనిపోయారు. వెనక షాఫ్టు దగ్గరి రబ్బరు తొడుగు వదులైపోయి నీళ్లు చొరబడ్డాయి. పైనున్న టాపు జనాన్ని బయటపడనివ్వలేదు. నిర్వహణ సరిగ్గా లేకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఒక క్లాంపు బిగింపు మీద అన్ని ప్రాణాలు ఆధారపడ్డాయి. పాత బండికి కొత్త రంగు వేసి ‘రీస్టోర్ చేశాం’ అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని నా మనవి.

యాక్సిల్‌ది ఇంకో కథ. రోడ్డు మీద పరిగెత్తి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు ఆయిల్ సీల్ అంచుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి. గాలి పీల్చే గొట్టాన్ని నీటిమట్టానికి పైకి తీసుకుపోతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నీళ్లలోంచి వచ్చాక ప్లగ్ విప్పి ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మొత్తం వదిలేసి కొత్తది పోయాలి. బేరింగులకు గ్రీజు ఎక్కించాలి, బ్రేకులు ఆరాయో లేదో మెల్లగా తొక్కి చూసుకోవాలి. ఏ రోజు ఏ సీల్ మార్చారో రాసిపెట్టుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయం పక్క హ్యాంగర్లలో విమానాలకు మరమ్మతు చేసేవాళ్లకు ఇది రోజూ ఉండే అలవాటు. పాత లారీకి అక్కర్లేదనుకోవడం పొరపాటు.

సర్వీసు అయిపోయిన సైనిక వాహనాలను సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టడం మన ఊళ్లలో మామూలే. ఈదే బండిని అలా పెట్టేవాళ్లు అడుగు బిరడాలు తీసేసి పెట్టాలి. పైన మూతలు సరిగ్గా పడక, కింద బిరడాలు బిగించి ఉంటే, బయటి నీళ్లను ఆపడానికి కట్టిన ఆ ఒళ్లే వాన నీళ్లను లోపల నిలవ ఉంచుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిస్తే అడుగు రేకును లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. ఏటా మే నెలలో ఒకరు లోపలికి దిగి, మూలల్లో పేరుకున్న ఆకులు, మట్టి తీసి, నీళ్లు పోయే దారి చూస్తే చాలు, ఆ బండి ఇంకో తరానికి మిగులుతుంది.