కావ్యమూ, కవిలె కట్టా

సాహిత్యం సమాజానికి అద్దం అన్న మాటను మనం ఎంతోకాలంగా వాడుతున్నాం. ఎం.ఏ. పరీక్షల్లో రాశాం, పిల్లలకు చెప్పాం, సభల్లో వాదించాం. కళ కళ కోసమేనన్న వాళ్లతో తలపడినప్పుడు ఆ మాట మనకు ఆయుధంగా పనికొచ్చింది కూడా. కాని ఆయుధం వేరు, పనిముట్టు వేరు. ఒక ప్రాచీన కావ్యాన్ని ముందు పెట్టుకుని, దాని వెనకున్న సమాజాన్ని నిజంగా తెలుసుకోవాలని కూర్చుంటే, ఆ అద్దంలో ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్న ప్రశ్న ఎదురవుతుంది. దీన్ని పరీక్షించి చూసుకోవడానికి హోమర్ కావ్యాలకు మించిన చోటు లేదు. ఆ కావ్యాలు ఏ వీరుల కోటల్ని కీర్తించాయో ఆ కోటల గుమాస్తాలు రాసుకున్న లెక్కలు మట్టిలోంచి బయటపడ్డాయి. అంటే మన చేతిలో ఇప్పుడు కావ్యమూ ఉంది, కరణం కవిలె కట్టా ఉంది.

ముందు ఆ కవిలె కట్ట సంగతి చూద్దాం. 1900లో క్రీట్ ద్వీపంలోని క్నోసస్‌లో ఆర్థర్ ఈవాన్స్ తవ్వకాలు ప్రారంభించాడు. రాతలున్న మట్టిపలకలు వేలకొద్దీ దొరికాయి. వాటిలో ఎక్కువభాగం ఉన్న లిపికి లీనియర్-బి అని పేరు పెట్టాడు. అది గ్రీకు కాదన్నది ఆయన గట్టి నమ్మకం. 1939లో కార్ల్ బ్లెగెన్ గ్రీసు ప్రధాన భూభాగంలోని పైలోస్‌లో తవ్వితే, అక్కడా అదే లిపిలో వందల పలకలు దొరికాయి. అమెరికాలో కళాశాల అధ్యాపకురాలైన ఆలిస్ కోబర్ ఆ లిపిలోని పదాల చివర్లు ఒక క్రమంలో మారుతున్నాయని, అంటే అది విభక్తులున్న భాష అని రుజువు చేసింది. ఫలితం చూడకుండానే 1950లో చనిపోయింది. ఆమె వేసిన దారిలో నడిచిన మైకేల్ వెంట్రిస్ భాషాపండితుడు కాడు, భవనశిల్పి. ఈ భాష గ్రీకేనని 1952లో బి.బి.సి. రేడియోలో ప్రకటించాడు. మరుసటి సంవత్సరం బ్లెగెన్ కొత్తగా దొరికిన ఒక పలకను ఆ పద్ధతిలో చదివి చూశాడు. మూడు పిడులున్న పాత్ర బొమ్మ పక్కన మూడు పిడులదని, పిడుల్లేని దాని పక్కన పిడుల్లేనిదని గ్రీకులో రాసి ఉంది! అనుమానం చాలావరకు తీరిపోయింది.

ఆ పలకల్లో ఏముంది? కావ్యం లేదు. స్తోత్రం లేదు. రాజు విజయగాథ లేదు. గొర్రెలు, ధాన్యం, నూనె, ఉన్ని, కంచు, రథచక్రాలు, బాకీలు ఉన్నాయి. క్నోసస్ పలకల్లో లెక్కకు వచ్చిన గొర్రెలే లక్షకు దగ్గరగా ఉంటాయని పండితుల అంచనా. ఇవి భావికాలం కోసం రాసిన శాసనాలు కావు, పచ్చిమట్టిమీద గీసుకున్న ఏడాది లెక్కలు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో పైలోస్ కోట తగలబడినప్పుడు ఆ మంటలో పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. రాజుల్ని మింగిన మంటే వాళ్ల లెక్కల్ని మనకు దాచిపెట్టింది.

పైలోస్ పలకల్లో సుమారు 750 మంది స్త్రీలు, వాళ్ల పిల్లలు లెక్కకు వస్తారు. వాళ్ల పేర్లు లేవు. పిండి నూరేవాళ్లు, నూలు వడికేవాళ్లు, స్నానాలు చేయించేవాళ్లు అని పనిని బట్టో, మిలేటస్ వాళ్లు, నిడోస్ వాళ్లు, లెమ్నోస్ వాళ్లు అని ఊరిని బట్టో గుంపులు గుంపులుగా రాశారు. మిలేటస్, నిడోస్ ఏజియన్ సముద్రానికి అవతల ఆసియా తీరంలో ఉన్నాయి, లెమ్నోస్ నడిమధ్య ద్వీపం. ఒక గుంపుకు 'చెరపట్టబడిన వాళ్లు' అనే అర్థమిచ్చే మాట వాడారు. వాళ్లకిచ్చే బత్తెం ధాన్యం, అంజూరపు పళ్లు. ఎవరికెంతో కొలతలున్నాయి.

ఇప్పుడు ఇలియడ్ ఆరో సర్గ తెరవండి. తాను చనిపోతే భార్య గతి ఏమవుతుందో హెక్టర్ ఊహించుకుంటాడు. గ్రీకులెవరో ఆమెను లాక్కుపోతారు, పరాయి ఇంట ఆమె మగ్గం నేస్తుంది, నీళ్లు మోస్తుంది. మనం దీన్ని కరుణరసానికి ఉదాహరణగా చదువుకున్నాం. పైలోస్ గుమాస్తా దృష్టిలో అది కరుణరసం కాదు, పద్దు. హెక్టర్ భయపడిన భవిష్యత్తు, లెమ్నోస్ స్త్రీలకు అప్పటికే గడిచిన వర్తమానం.

ఇంతమాత్రాన కావ్యం ఆ కోటల సమాజాన్ని ఉన్నదున్నట్టు చూపించిందనుకోవడం పొరపాటు. హోమర్ కావ్యాలు ప్రస్తుత రూపానికి వచ్చింది కోటలు కూలిన నాలుగైదు వందల ఏళ్ల తర్వాత. కావ్యంలో రాజును పిలిచే మాట బసిలియుస్. పలకల్లో ఆ మాట ఒక చిన్న స్థానిక పెద్దకు వర్తిస్తుంది. అసలు రాజు వానక్స్. పెద్దకోట కూలింది, చిన్నపెద్ద మిగిలాడు, కాలక్రమంలో వాడే రాజన్న పేరుకెక్కాడు. కావ్యానికి వానక్స్ అన్న బిరుదు గుర్తుంది గాని, అతని గుమాస్తాలు, భూమి కొలతలు, బత్తెం పట్టీలు గుర్తులేవు. హోమర్ ప్రపంచం పలకల నాటిది కాదని, ఆ తర్వాతి కాలానిదని 1954లో మోజెస్ ఫిన్లీ వాదించడానికి ఇలాంటి తేడాలే ఆధారం.

ఇక్కడ మన సొంత ఇల్లు కూడా చక్కబెట్టుకోవాలి. 1884లో ఎంగెల్స్ గ్రీకు వీరయుగాన్ని గణవ్యవస్థ ఇంకా బలంగా ఉన్న కాలంగా చూశాడు. బసిలియుస్ నిరంకుశ ప్రభువు కాడని, యుద్ధనాయకుడని చెప్పాడు. బసిలియుస్ విషయంలో ఆయన చూపు ఎంత సూటిదో పలకలు చెబుతూనే ఉన్నాయి. కాని ఆ వీరయుగానికి ముందే కోట, పన్ను, గుమాస్తా, బానిసశ్రమ ఉన్న రాజ్యం ఒకటి పుట్టి, కూలిపోయిందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. గ్రీకు ప్రాక్‌చరిత్రపై జార్జి థామ్సన్ గ్రంథం 1949లో వెలువడేనాటికి కూడా ఈ లిపి ఎవరూ చదవలేదు. చరిత్ర మెట్లెక్కినట్టు ఒకే వరసలో ఎక్కదు. ఎక్కిన మెట్టు కూలి, మళ్లీ కింది నుంచి మొదలైన సందర్భాలూ ఉన్నాయి. ఇది చారిత్రక భౌతికవాదానికి దెబ్బ అనుకునేవాడు, దాన్ని పద్ధతిగా కాక పంచాంగంగా పట్టుకున్నవాడు.

మతం విషయంలోనూ ఇదే పాఠం. పండితులు చాలాకాలం డయోనిసస్‌ను గ్రీకు మతంలోకి ఆలస్యంగా, బయటినుంచి వచ్చిన దేవుడన్నారు. యురిపిడీస్ నాటకంలో ఆయన ఆసియా నుంచి కొత్తగా వస్తాడు కదా! అద్దం సూత్రం ప్రకారం అది చరిత్రే కావాలి. కాని పైలోస్ పలకల్లో ఆయన పేరు కనిపించింది. క్రీట్‌లోని హానియాలో 1990లో దొరికిన పలకలో జ్యూస్‌తో పాటు ఆయనకూ తేనె సమర్పించిన లెక్క ఉంది. ఆ దేవుడు పాతవాడే. పాలకుడి ఎదుట ఎప్పుడూ కొత్తవాడిగా వచ్చి నిలబడడం నాటకం ఆయనకిచ్చిన అర్థం. ఆ అర్థాన్ని వలసచరిత్రగా చదవడం పండితుల పొరపాటు.

దేవుళ్ల కంటే వాళ్ల భూముల సంగతి ఇంకా ఆసక్తికరం. పైలోస్ రాజ్యంలో ఎరిథా అనే పూజారిణి ఉండేది. తన కింద ఉన్న భూమి దేవుడికి చెందిన ప్రత్యేక హక్కు గల భూమి అని ఆమె అంటుంది. కాదు, అందరికీ ఉన్నట్టే మామూలు కౌలు అని 'దామోస్' అంటుంది. దామోస్ అంటే గ్రామసముదాయం. తర్వాతి కాలంలో డెమోస్ అయి, ప్రజాస్వామ్యానికి గ్రీకువాళ్లు పెట్టిన పేరులో చేరిన మాట ఇదే. ఈ తగాదా రెండు పలకల్లో ఉంది. ఒకదాంట్లో ఎదుటి పక్షాన్ని భూమి ఉన్నవాళ్లు అని రాసిన గుమాస్తాలు, రెండోదాంట్లో దామోస్ అని రాశారు. విడివిడి రైతులు ఒక సముదాయంగా నిలబడి, దేవుడి పేరు చెప్పిన మనిషితో కాదనడం గ్రీకులో మనకు దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. మూడువేల రెండువందల ఏళ్ల కిందటి ఈ వాక్యాన్ని ఏ కావ్యమూ మనకు చెప్పలేదు.

అయితే కవిలె కట్టే సత్యం, కావ్యం మిథ్య అందామా? తొందరపడకూడదు. ఒడిస్సీ ఇరవయ్యో సర్గలో ఒక స్త్రీ ఉంది. ఒడిస్యూస్ ఇంట్లో పన్నెండు మంది పిండి నూరుతుంటారు. అప్పటి రాయి మన తిరగలిలా తిరిగేది కాదు. మోకాళ్లమీద వంగి, సన్నికల్లుమీద లాగా ముందుకూ వెనక్కూ నూరాలి. పదకొండు మంది పని ముగించి నిద్రపోయారు. అందరిలోకీ బలహీనురాలైన ఒకతె ఇంకా నూరుతూనే ఉంది. మబ్బులేని ఆకాశంలో ఉరిమితే ఆమె రాయి ఆపింది. నా మోకాళ్లలో సత్తువ తీసేసిన ఈ పెళ్లికొడుకులకు ఇదే ఆఖరి విందు కావాలని జ్యూస్‌ను వేడుకుంది.

పైలోస్ పలకల్లోనూ పిండి నూరే స్త్రీలున్నారు. వాళ్ల సంఖ్య ఉంది, బత్తెం ఉంది. మోకాళ్ల నొప్పి లేదు, శాపం లేదు. అది కావ్యంలోనే ఉంది. రోజూ హాజరుపట్టీ రాసే పంతులుగా నాకీ తేడా బాగా తెలుసు. పట్టీలో పిల్లవాడు వచ్చాడో రాలేదో ఉంటుంది, ఏం తిని వచ్చాడో ఉండదు.

కాని కవి ఆమె శాపాన్ని ఏం చేశాడో కూడా గమనించాలి. ఒడిస్యూస్ చాటుగా విని, తనకు శుభశకునమని సంతోషిస్తాడు. ఆమె నొప్పి యజమాని విజయానికి ముహూర్తమయింది. ఆమె కోపం పెళ్లికొడుకులమీదికే మళ్లింది గాని, పన్నెండు రాళ్లు పెట్టించిన ఇంటిమీదికి వెళ్లలేదు. రెండు సర్గలు తిరిగేసరికి అదే ఇంట్లో పన్నెండు మంది దాసీలను ఉరితీస్తారు. మర్నాటి పిండి ఎవరు నూరారో కవి చెప్పడు. హోమర్ ఆమెకు గొంతు ఇచ్చాడు, ఆ గొంతు ఎంతవరకు వెళ్లాలో హద్దూ తానే గీశాడు. ఆ హద్దు ఏ వర్గం గీసిందో పలకలు పక్కన పెట్టుకుని చదివితేనే తెలుస్తుంది.

లిపి సంగతి ఒక్కమాట. లీనియర్-బిలో సుమారు 90 అక్షరాలు. అది కోట గుమాస్తాల గుత్తసొత్తు. కోట పోగానే రాతే మరిచిపోయారు. తర్వాత ఫినీషియన్ల నుంచి నేర్చుకున్న కొత్త అక్షరాలు ఇరవై చిల్లర. ఏ వర్తకుడైనా, కుమ్మరైనా పట్టగలడు. 1954లో ఇటలీ దగ్గరి ఇస్కియా ద్వీపంలో బయటపడిన క్రీ.పూ. 8వ శతాబ్దపు మట్టికప్పుమీద మూడు పంక్తులున్నాయి. పైలోస్ రాజు నెస్టర్ పాత్ర ప్రస్తావన, తాగినవాణ్ని ప్రేమ పట్టుకుంటుందన్న చమత్కారం, అదీ పద్యంలో. నెస్టర్ కోటలో వందల పలకలు రాశారు, పద్యం ఒక్కటీ లేదు. రాత కోట దాటాక మట్టికప్పుమీదికి కూడా పద్యం వచ్చింది.

కాబట్టి కావ్యం అద్దమని చెప్పి ఊరుకోవద్దు. అది సాక్షి. సాక్షికి చూపు ఉంటుంది, మరపు ఉంటుంది, ఎవరో ఒకరి పక్షమూ ఉంటుంది. రెండో సాక్షిని పిలవకుండా తీర్పు చెప్పకూడదు. సాహిత్య విద్యార్థులు శాసనాలు, లెక్కలు, తవ్వకాల నివేదికలు చదవాల్సింది ఇందుకే. రచయితలకు చెప్పేది ఇంకొకటి ఉంది. పిండి నూరే మనిషి పద్దు ఎవరైనా రాస్తారు. ఆమె రాయి ఆపిన క్షణాన్ని మీరు రాయాలి. రాశాక, ఆ శాపాన్ని యజమానికి శకునంగా అప్పగించకండి.