పసుపు అంటిన అట్టముక్క

మా ఇంట్లో వాడని బాత్రూమ్ ఒకటుంది. చిల్లుపడ్డ బకెట్లు, పాత పేపర్లు వేసుకునేవాళ్ళం. రెండేళ్ళ కిందట వాటిని ఖాళీ చేయించి అక్కడొక ఎన్‌లార్జర్ కూర్చుంది.

బందరులో మా నాన్న స్నేహితుడొకాయన, నేను బాబాయ్ అని పిలిచే మనిషి, ముప్పై ఏళ్ళకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. షాపు ఎత్తేస్తూ, "పాత ఇనప సామాన్ల వాడికి వెయ్యడానికి మనసొప్పట్లేదురా, నువ్వు పట్టుకుపో" అన్నారు. దుప్పటి చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాను. ఇల్లు చేరేదాకా మా ఆవిడ దాని తల పట్టుకునే కూర్చుంది.

ఎన్‌లార్జర్ అంటే ఏమిటని మా అబ్బాయి అడిగితే, నేల చూపులు చూసే ప్రొజెక్టర్ అని చెప్పాను. పైన బల్బు, దాని కింద కండెన్సర్ అనే రెండు లావుపాటి గాజు కటకాలు, ఆ కింద నెగటివ్, తర్వాత హార్మోనియం తిత్తిలాంటి మడతల గొట్టం, చివర లెన్సు. అన్నిటికన్నా అడుగున చెక్క పీట, దాని మీద కాగితం. రాజా దీన్‌దయాళ్ నిజాం కొలువులో తీసిన ఫొటోలకు ఇంత హంగామా అక్కర్లేదు. ఫొటో ఎంత కావాలో గాజు పలకా అంతే ఉండేది, కాగితం ఆనించి వెలుతురులో పెడితే అదే సైజులో అచ్చు పడేది. 1925లో లైకా కెమెరా బజారుకొచ్చి, రీలు మీది బొమ్మను 24×36 మిల్లీమీటర్లకు కుదించాక ఈ యంత్రం లేకపోతే గడవని రోజులొచ్చాయి. తపాలా బిళ్ళంత నెగటివ్‌ను గోడకు తగిలించే పటం చెయ్యాలి కదా.

మాది మియోప్టా వాళ్ళది. పక్కన చిన్న రేకు మీద 'మేడ్ ఇన్ చెకోస్లొవేకియా' అని ఉంటుంది. ఆ దేశం 1993లోనే రెండయింది. రేకు మాత్రం మాసిపోలేదు.

మొదట కరెంటు సంగతి చూశాను. వైరు మీది రబ్బరు ముట్టుకుంటే అటుకుల్లా రాలింది. ఒళ్ళంతా లోహమైన యంత్రానికి, అదీ నీళ్ళ ట్రేల పక్కన, రెండు పిన్నుల వైరు పెట్టి బాబాయ్ ఇన్నేళ్ళు ఎలా బతికి బయటపడ్డారో! మూడు తీగల వైరు వేయించి, ఎర్త్ ఇప్పించాను. ఇది ఎలక్ట్రీషియన్ పని, సొంత తెలివి ఇక్కడ వద్దు.

బల్బు దగ్గర ఇంకో తంటా. దీనికి పాలరంగు గాజుతో, నెత్తిన ఏ రాతా లేని బల్బు కావాలి. కంపెనీ పేరు బల్బు నెత్తి మీద అచ్చేసి ఉంటే దాని నీడ ఫొటో మీద పడొచ్చు. ఎల్‌ఈడీ పెట్టి చూశాను, స్విచ్ ఆపాక కూడా క్షణంసేపు మిణుకుమంటూనే ఉంది. కాగితానికి ఆ మిణుకు కూడా లెక్కే. చివరికి బాబాయ్ దాంతోపాటు ఇచ్చిన అట్టపెట్టెలోనే, గుడ్డలో చుట్టి దాచిన బల్బు ఒకటి దొరికింది.

తిత్తికి రెండు చోట్ల సూది బెజ్జాలు. చీకట్లో బల్బు వేసి చూస్తే నక్షత్రాల్లా కనిపించాయి. సైకిల్ పంక్చర్లు వేసేవాళ్ళు వాడే సొల్యూషన్ ట్యూబు, నల్ల గుడ్డముక్కలు సరిపోయాయి. లెన్సులో మాత్రం బూజు. సముద్రపు ఊరి చెమ్మ ఊరికే పోదు కదా. ఆ బూజు గాజు మీద సాలెగూడులా అల్లుకుంటుంది, దాంతో ఫొటోలో నలుపూ తెలుపూ రెండూ బూడిదరంగుకు తిరిగి బొమ్మ చప్పిడిగా వస్తుంది. కెమెరాలు బాగుచేసేవాళ్ళ దగ్గరకు తీసుకెళితే చాలావరకు తుడిచి ఇచ్చారు. అంచున చిన్న మచ్చ ఉండిపోయింది, అక్కడ బూజు గాజునే తినేసిందట.

ఇంత చేశాక, లెన్సు బిగించే ఇనప ప్లేటు కూడా విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టాను. దాని వెనక ఒక మూల ఇరికించి, మడత పెట్టిన అట్టముక్క ఒకటి ఉంది. శుభలేఖ ముక్క. పసుపు అద్దిన మూల. ఇన్నేళ్ళ చెత్త ఎక్కడెక్కడ దూరిందో అనుకుంటూ మిగతా దుమ్ముతో పాటు చీపురుకట్టకు అప్పజెప్పాను.

వెంటిలేటర్‌కు నల్ల చార్టు అంటించి, ఎర్ర జీరో బల్బు వేసి, మొదటి ఫొటో కడిగాను. మా పెద్దనాన్న ఇంటి ముందు తీసిన గ్రూపు ఫొటో, ఎనిమిదీ పది సైజు. కుడివైపు నిలబడ్డవాళ్ళ చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. ఎడమ చివర మేనత్తకు ముక్కూ మూతీ కలిసిపోయాయి. లెన్సు ఎఫ్ 4.5 నుంచి 11కు తగ్గిస్తే కొంచెం నయం. కానీ అది జబ్బు కుదర్చడం కాదు, పైన దుప్పటి కప్పడం.

నెగటివ్, లెన్సు, కింది పీట, ఈ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఏ ఒక్కటి వాలినా ఫొటోలో ఒక పక్క మసక. నేను ముందు పీటను అనుమానించాను. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అరువు తెచ్చి చూస్తే, పీట వాలు ఉన్నమాట నిజమే, బాత్రూమ్ నేలే వాలుగా ఉంది. అయితే నేలకు సమంగా ఉండాల్సిన పని లేదు, మూడూ ఒకే వాలులో ఉంటే చాలు. ఒక ఆదివారమంతా స్తంభం బోల్టులతో కుస్తీ పట్టాక ఆ సంగతి తలకెక్కింది.

ఆ తర్వాత అద్దాల పద్ధతి. పీట మీద ఒక అద్దం పెట్టాను. గడ్డం గీసుకునే అద్దం ఇంకొకటి తీసుకుని, దాని వెనక పూత మధ్యలో కందిగింజంత గీకి, ముఖం కిందికి ఉండేలా లెన్సు అంచుకు ఆనించాను. తిత్తి తీసేసి పైనుంచి ఆ కన్నంలోకి తొంగిచూస్తే అద్దంలో అద్దం, దానిలో ఇంకో అద్దం, పొడుగాటి సొరంగంలా కనిపిస్తుంది. అన్నీ సమంగా ఉంటే సొరంగం నిట్టనిలువుగా దిగుతుంది. నాది ఎడమకు తిరిగిపోయింది, ఏనుగు తొండంలా. లెన్సు ప్లేటు వాలింది! దాని కింద వెంట్రుకవాసి తేడా ఉన్నా, కాగితం మీదకు వచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది. అందుకే పీట వంకర కన్నా ఈ వంకర ప్రమాదం.

బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"బాబాయ్, లెన్సు ప్లేటు ఎప్పుడైనా దెబ్బతిందా?"

"షాపు పెట్టిన కొత్తలో కింద పడేశాన్రా, అప్పుడు కాస్త వంగింది. ఓ మూల అట్టముక్క పెట్టా కదా, అది ఉందా?"

నేనేం మాట్లాడలేదు.

"తీసేశావా? నిన్నెవర్రా తియ్యమన్నది? పాతికేళ్ళు దాని మీదే లాగించాను!"

ఎవరి శుభలేఖ అని అడిగితే గుర్తులేదన్నారు. నిజమే, పెళ్ళి ఫొటోలు తీసే మనిషి దగ్గర శుభలేఖలకు కొదవేముంటుంది?

మొన్న వైశాఖంలో మా మేనకోడలి పెళ్ళి జరిగింది. ఆ శుభలేఖ బీరువా పైన ఉంది. పసుపు ఉన్న మూలే కత్తిరించాను, ఎందుకో చెప్పలేను. ఒక్క పొర చాలలేదు. మూడు పొరలైతే సొరంగం అటువైపు తిరిగింది. రెండు పొరలకు నిలబడింది. ప్లేటు బిగించే ముందు అట్ట మీద పెన్సిల్‌తో 'తియ్యొద్దు' అని రాశాను.