దర్జీ ఇంటి పొయ్యి

కార్క్ నగరం నుంచి పడమరగా గంటన్నర కారు నడిపితే గుగాన్ బారా అనే చోటు వస్తుంది. మూడు వైపులా కొండలు, మధ్యన ఒక సరస్సు, సరస్సులో ఒక లంక, లంక మీద ఒక చిన్న చర్చి. కార్క్ ఊరి మధ్యనుంచి పారే లీ నది పుట్టేది అక్కడే. ఇండియా నుంచి మా అమ్మానాన్నలొచ్చినా, అత్తయ్యా మామయ్యలొచ్చినా ఒక ఆదివారం పులిహోర కట్టుకుని అక్కడికి వెళ్ళాల్సిందే. అలా ఎన్నోసార్లు వెళ్ళాను. సరస్సు ఒడ్డున ఉన్న చిన్న శ్మశానం పక్కనుంచే నడిచాను కానీ, అందులో ఒక దర్జీ, అతని భార్య ఉన్నారని మాత్రం ఆ మధ్య ఒక పాత పుస్తకాల షాపులో ఒక పుస్తకం దొరికేదాకా తెలియలేదు.

పుస్తకం పేరు 'ది టెయిలర్ అండ్ ఆన్‌స్టీ'. అంటే 'దర్జీ, ఆన్‌స్టీ' అని. రాసినవాడు ఎరిక్ క్రాస్. లండన్‌లో 1942లో తొలిసారి అచ్చయింది. నాకు దొరికింది ఇక్కడి కార్క్ ప్రచురణ సంస్థ మెర్సియర్ ప్రెస్ తర్వాత వేసిన ప్రతి. కార్క్‌లో పుట్టిన గొప్ప కథకుడు ఫ్రాంక్ ఓ కానర్ ముందుమాట రాశాడు. ముందుమాటలు దాటేసి అసలు పుస్తకంలోకి వెళ్ళడం నా అలవాటు. ఈసారి మాత్రం ముందుమాట దగ్గరే ఆగిపోయాను.

ముందు పుస్తకం సంగతి చెబుతాను. దర్జీ అసలు పేరు టిమ్ బక్లీ. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. పొలం పనికి పనికిరాడని బట్టలు కుట్టడం నేర్పించారు. పెళ్ళయ్యాక గుగాన్ బారా దగ్గర ఒక చిన్న ఇల్లు, ఒక ఆవు. ముసలితనంలో కుట్టుపని తక్కువ, కబుర్లు ఎక్కువ. వెన్న రవాణా చేసే చెక్కపెట్టె ఒకటి ఆయన సింహాసనం. సాయంత్రమయ్యేసరికి పొయ్యి చుట్టూ జనం చేరేవారు. ఊరివాళ్ళూ, దారినపోయేవాళ్ళూ, కార్క్ నుంచీ డబ్లిన్ నుంచీ వచ్చే రచయితలూ, శిల్పులూ. మన పల్లెటూళ్ళలో రచ్చబండ దగ్గరా, వీధి అరుగుల మీదా నడిచే వ్యవహారమే ఇది. కాకపోతే ఇక్కడ చలి కాబట్టి పొయ్యి దగ్గరికి చేరింది.

ఆ పొయ్యి దగ్గర దర్జీ మాట్లాడని విషయం లేదు. చావు, పెళ్ళి, ప్రభుత్వం, డాక్టర్లు, పూర్వకాలపు దొంగలు, పశువులు కట్టడం, పిల్లలు పుట్టడం. పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళెవరికీ ఆ మాటలు కొత్త కాదు. ఆయన మాట్లాడుతుంటే ఆన్‌స్టీ పనిచేస్తూ తిరుగుతూ, మధ్యమధ్య ఆయన మాటల్ని గాలి తీసేస్తూ ఉంటుంది. దీన్ని కబుర్ల పుస్తకమని తేలిగ్గా తీసేయవచ్చు. కానీ చదివేకొద్దీ నాకనిపించింది, ఈయన ఆలోచనాపరుడు అని. విన్న ప్రతి మాటనీ తన అనుభవం అనే గజంబద్దతో కొలిచి చూసుకుంటాడు. పెద్దమనుషులు చెప్పారు కాబట్టి, పుస్తకంలో రాసుంది కాబట్టి నమ్మడు. నవ్వుతూనే నమ్మడు. అదే ఆయన్ని ముంచింది.

ఐర్లండ్‌లో 1929లో పుస్తకాల సెన్సారు చట్టం వచ్చింది. అయిదుగురు సభ్యుల బోర్డు ఒక పుస్తకం మొత్తంగా అసభ్యమైన ధోరణిలో ఉందనుకుంటే నిషేధానికి సిఫార్సు చేసేది. ఫ్రాంక్ ఓ కానర్ పుస్తకాలూ, మరో కార్క్ రచయిత షాన్ ఓ ఫేలాన్ పుస్తకాలూ ఆ జాబితాకెక్కాయి. ఒక దశలో ఆ జాబితాలో పేరు లేని ఐరిష్ రచయితకి విలువే లేదని వేళాకోళం చేసుకునే పరిస్థితి. 1942లో దర్జీ పుస్తకం కూడా అందులో చేరింది.

ఆ ఏడాది చివర్లో సర్ జాన్ కీన్ అనే సభ్యుడు పార్లమెంటు ఎగువసభలో సెన్సారు బోర్డు మీద తీర్మానం పెట్టాడు. చర్చ నాలుగు రోజులు నడిచింది. బోర్డు పక్షాన గట్టిగా మాట్లాడినవాడు ప్రొఫెసర్ విలియం మగెనిస్. ఆయన ఆ సభలో సభ్యుడే, ఆ బోర్డుకి అధ్యక్షుడూ ఆయనే. కొండల మధ్య తమ మానాన తాము బతుకుతున్న ముసలి దంపతుల్లో మొగుడికి కామపిచ్చి అనీ, పెళ్ళానికి బుద్ధి ఎదగలేదనీ ఒక విశ్వవిద్యాలయపు ప్రొఫెసరు నిండు సభలో అన్నాడు. జవాబు చెప్పుకోవడానికి ఆ దంపతులు అక్కడ లేరు. తీర్మానం 34కి 2 ఓట్ల తేడాతో ఓడిపోయింది.

వృత్తిరీత్యా నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసిన వివరం ఇంకొకటి ఉంది. కీన్ ఆ పుస్తకంలోంచి కొన్ని భాగాలు సభలో చదివి వినిపించాడు. అచ్చయిన సభా కార్యక్రమాల రికార్డులో ఆ భాగాలు లేవు. సభ్యుడు పుస్తకంలోంచి చదివాడు అన్న సూచన మాత్రమే ఉంది. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే లాగ్‌లో తీర్పు ఉంది, దానికి ఆధారమైన డేటా చెరిపేశారు. ఆ తర్వాత వచ్చేవాడెవడూ తీర్పు సరైందో కాదో సరిచూసుకునే వీల్లేదు. ఏ ఆడిటరూ ఒప్పుకోని పని అది.

ఇక గుగాన్ బారాలో జరిగింది ఫ్రాంక్ ఓ కానర్ రాశాడు. ముగ్గురు మతగురువులు దర్జీ ఇంటికి వచ్చారు. ఆ ముసలాయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆయన పుస్తకాన్ని ఆయన చేతులతోనే ఆయన పొయ్యిలో వేయించారు. ఏ పొయ్యి చుట్టూ ఆ మాటలు పుట్టాయో ఆ పొయ్యిలోనే. అప్పటిదాకా ఆ మాటలు వింటూ నవ్విన ఇరుగుపొరుగు రావడం మానేశారు. దర్జీ 1945లో, ఆన్‌స్టీ 1947లో పోయారు. దర్జీ పోయిన తర్వాత ఎప్పటికో నిషేధం ఎత్తేశారు. ఆయన సమాధి రాయిని కార్క్ శిల్పి షేమస్ మర్ఫీ చెక్కాడు. ఆయన కూడా ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకడు.

ఇంతవరకూ ఇది సెన్సారు కథ. సెన్సారు కథలు మనకి కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అయితే అది తెల్లవాళ్ళ ప్రభుత్వం. స్వరాజ్యం కోరేవాడి నవలని వాళ్ళు నిషేధించకపోతే ఆశ్చర్యపోవాలి. పరాయివాడు కొడితే అది దెబ్బ. మనవాడు కొడితే ద్రోహం. దర్జీ విషయంలో జరిగింది రెండోది. ఎందుకంటారా?

కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ఐర్లండ్ తన ఆత్మ ఎక్కడుందని వెతుక్కుంది. ఇంగ్లీషు పట్నాల్లో కాదు, పడమటి కొండల్లో ఐరిష్ భాష మాట్లాడే పేద రైతు గుడిసెలో ఉందని తేల్చుకుంది. 1935లో జానపద సంఘం ఒకటి పెట్టి ఊరూరికీ మనుషుల్ని పంపి కథలు సేకరించింది. ఆ సంఘం తరఫున షాన్ ఓ క్రోనిన్ మన దర్జీ దగ్గరా కూర్చుని ఆయన ఐరిష్‌లో చెప్పిన కథలు రాసుకున్నాడు. అవి 1978లో పుస్తకంగా వచ్చాయి. అంటే ప్రభుత్వపు ఒక చెయ్యి దర్జీ మాటల్ని జాతి సంపద అని దాచుకుంటుంటే, ఇంకో చెయ్యి అదే దర్జీ మాటల్ని బూతు అని కొట్టేసింది. అంతకంటే విడ్డూరం ఇంకోటి. ఎగువసభలో ఆ చర్చ ముగిసిన కొద్ది నెలలకే, 1943 మార్చి 17న, ప్రధాని డి వలేరా రేడియోలో తన కలల ఐర్లండ్ గురించి మాట్లాడాడు. ఆ కలలో పల్లె ఇళ్ళున్నాయి, పొయ్యి చుట్టూ చేరి పెద్దల వివేకం వినే జనం ఉన్నారు. అప్పటికి నిజంగా ఉన్న ఒక పొయ్యి చుట్టూ జనం లేకుండా పోతున్నారు.

నా మట్టుకు ఈ పుస్తకం చెప్పే అసలు సంగతి అదే. వ్యవస్థలు ఆలోచించేవాణ్ణి ద్వేషించవు. బొమ్మగా ఉన్నంతసేపూ ప్రేమిస్తాయి. బొమ్మ నోరు తెరిచి తన మాట తాను చెప్పినప్పుడే చిక్కు.

ఇది మనకీ తెలిసిన చిక్కే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. వీరేశలింగం గారు ఆమె కవిత్వాన్ని అసభ్యమని ఈసడించారు. వితంతువుల కోసం ఊరినంతా ఎదిరించిన మనిషాయన. ఆడవాళ్ళు చదువుకోవాలన్నారు, పెళ్ళి చేసుకోవాలన్నారు. కానీ ఆడది తన కోరిక గురించి తానే పద్యం చెబితే సహించలేకపోయారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు, అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గమనించి, రాతప్రతితో సరిచూసి 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి కావ్యాన్ని వేయించారు. సిగ్గూ బిడియమూ ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని పీఠికలో నిలదీశారు. ఆ మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు గారు ఎత్తివేశారు. నిషేధం తెల్లవాళ్ళదే. కానీ ఆ కావ్యం బూతని మన పెద్దలు అప్పటికే తేల్చేసి ఉంచారు. ఇక్కడా పద్యాలు మాయమయ్యాయి, తీర్పు మిగిలింది.

అలాగని ఎరిక్ క్రాస్ పుస్తకానికి హారతి పట్టాలని కాదు. నాకు రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి, ఆన్‌స్టీని చాలాచోట్ల నవ్వులాటకి వాడుకున్నాడు. దర్జీ పెట్టె మీద కూర్చుని తాత్వికుడు కాగలిగింది ఆమె ఆవుకి మేతా, పొయ్యికి కట్టెలూ చూసుకుంది కాబట్టి. ఆమె ఒంటరిగా ఏమనుకునేదో మనకి ఒక్క పేజీ కూడా దొరకదు. రెండోది ఇంకా ఇబ్బంది పెట్టేది. ఈ మాటల్ని లండన్‌కి పంపి అచ్చు వేయించింది చదువుకున్న స్నేహితులు. వాళ్ళు మంచివాళ్ళే, ప్రేమతోనే చేశారు. కానీ నిషేధం వల్ల వాళ్ళు నష్టపోయింది ఒక పుస్తకం. ముసలి దంపతులు నష్టపోయింది ఊరు. రచయితలకి డబ్లిన్ ఉంది, లండన్ ఉంది. దర్జీకి ఆ ఒక్క పొయ్యే ఉంది. ఇంకొకరి మాటని మోసుకెళ్ళే మనలాంటివాళ్ళం ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఇక నా సంగతి. చెప్పకుండా ముగిస్తే నేను కూడా రికార్డులోంచి తీసేసినట్టే.

కొన్నేళ్ళ క్రితం ఒక తెలుగు సంఘం ఉగాది సంచికకి నేను సంపాదకుణ్ణి. కొడుకు దగ్గరికొచ్చిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తమ ఊళ్ళో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఎలా తిట్టిపోస్తూ పాడేవారో వ్యాసం రాసిచ్చారు. చదివి పడీపడీ నవ్వాను. మా ఆవిడకి చదివి వినిపించాను. తీరా కమిటీ మీటింగులో, పిల్లలు కూడా చూసే సంచిక, స్పాన్సర్లు ఏమనుకుంటారో అన్నారు. ఓటింగు కూడా అక్కర్లేకపోయింది. నేను నోరు విప్పలేదు. తెలుగు సంస్కృతిని కాపాడటం మా సంఘం ఆశయమని అదే సంచిక మొదటి పేజీలో నేనే రాశాను. ఉగాది నాడు మాస్టారు సంచిక తిరగేసి, మళ్ళీ మొదట్నుంచి తిరగేసి, సంచీలో పెట్టుకున్నారు. "అచ్చు బాగుంది బాబూ" అన్నారు.

ముగ్గురు మతగురువులు అక్కర్లేదు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టనూ అక్కర్లేదు. టేబులు చుట్టూ ఆరుగురం, టీ కప్పులు, అందరం స్నేహితులం. పని జరిగిపోయింది.

ఈ వ్యాసం మొదలుపెట్టాక గుంటూరులో ఉన్న మాస్టారికి ఫోను చేశాను. చేతిరాత ప్రతి ఆయన దగ్గర లేదు. నేను టైపు చేయించిన ఫైలు మాత్రం నా దగ్గరుంది. పంపిస్తాను మాస్టారూ, ఎక్కడైనా వేయిద్దాం అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇప్పుడెందుకు బాబూ?" అన్నారు.

జవాబు తోచలేదు. ఫైలు మాత్రం పంపాను.