విషమే పనిముట్టు

పరిశోధనశాల ఫ్రిజ్‌లో కలరా విషం ఉండేదంటే మా బంధువులు ఇప్పటికీ రెండడుగులు వెనక్కి జరుగుతారు. నిజానికి మేం వాడింది అందులో ఒక భాగాన్నే. ఆ విషానికి రెండు భాగాలు. ఒకటి కణంలోకి దూరి ఉప్పునూ నీటినీ బయటికి తోడిస్తుంది. హాని చేసేది అదే. రెండోది ఒకే రకం ముక్కలు ఐదు కూడిన వలయం. కణం పైపొరలో జీఎం1 అనే కొవ్వు ఉంటుంది. దాని నెత్తిన ఉన్న చక్కెరల గొలుసును బట్టి గుర్తుపట్టి, ఈ వలయం దాన్ని పట్టుకుంటుంది. మొదటి భాగం తీసేసి రెండోదానికి మెరిసే రంగు తగిలిస్తే, విషం పోయి రంగు మిగులుతుంది.

ఈ పనిముట్టు కథ కలకత్తాలో మొదలవుతుంది. 1884లో అక్కడ కలరా క్రిమిని పట్టుకున్న రాబర్ట్ కోహ్, అది విషం చిమ్ముతుందని అనుమానించాడు. రుజువు కావడానికి 75 ఏళ్లు పట్టింది. శంభునాథ్ దే అనే శాస్త్రవేత్త కుందేలు పేగును దారంతో రెండుచోట్ల ముడివేసి, క్రిములను వడకట్టేసిన ద్రవాన్ని ఆ ముడుల మధ్య వేశాడు. క్రిమి ఒక్కటీ లేకుండానే పేగు నీటితో ఉబ్బింది. 1959లో 'నేచర్'లో వచ్చిన చిన్న వ్యాసం అది. ఆయనకు బతికుండగా దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నాకు కోపం.

మా పని తీరు ఇది. కణాలను ఐసు మీద ఉంచి రంగు వేయాలి. వెచ్చగా ఉంటే కణం దాన్ని లోపలికి మింగేస్తుంది. తర్వాత చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూస్తే కణం అంచు వెలుగుతుంది. ఒక్కోసారి సమానంగా కాకుండా మచ్చలు మచ్చలుగా. కొన్ని కొవ్వులు కొలెస్టరాల్‌తో జట్టుకట్టి పొరలో చిన్న తెప్పలుగా తేలతాయని 1997లో కై సిమోన్స్, ఎలీనా ఇకోనెన్ రాశారు. ఆ తర్వాత మచ్చ కనిపించిన ప్రతిచోటా తెప్పే కనిపించింది.

స్విట్జర్లాండ్‌లో గిసూ వాన్ డెర్ గూట్ బృందం ఈ తెప్పలను విషం వైపు నుంచి చూసింది. ఏరోమోనాస్ అనే నీటి క్రిమి (మన చేపల చెరువుల రైతులకు ఆ పేరు కొత్త కాదు) ఏరోలైసిన్ అనే విషం వదులుతుంది. ఏడు ముక్కలు వలయంగా కలిస్తేనే అది పొరకు చిల్లు పెట్టగలదు. కణం మీద చెదిరి ఉన్నవి ఎలా కలుస్తాయి? తెప్పల మీదకు చేరి అక్కడ చిక్కబడతాయని 1999లో ఆ బృందం చూపింది. విషానికి పొర నైసర్గిక స్వరూపం మనకంటే బాగా తెలుసు.

ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అనుమానం ఇక్కడే పుడుతుంది. కలరా విషపు ఐదు ముక్కలూ తలా ఒక జీఎం1ను పట్టుకోగలవు. విడివిడిగా తిరిగేవాటిని అదే దగ్గరికి లాగుతుంటే? ఊళ్లో జనం గుంపులు కడతారో లేదో చూసి రమ్మంటే డప్పు కొడుతూ వెళ్లినట్టే. పైగా మచ్చలు బాగా కనబడాలని యాంటీబాడీలు వేసి ఇంకా బిగించేవాళ్లం. అవి తెప్పలే, కొలెస్టరాల్ తీసేస్తే మచ్చలు పోతున్నాయి కదా అని వాదన. కొలెస్టరాల్ లాగేసిన కణంలో ఇంకేమేం చెడ్డాయో ఎవరు చెప్పాలి? 2007లో పారిస్‌లోని క్యూరీ సంస్థవాళ్లు షిగా అనే మరో క్రిమి విషంతో చిక్కు మరింత పెంచారు. అసలు కణమే లేకుండా, కొవ్వులతో చేసిన బుడగ మీద వేసినా అది పొరను లోపలికి గొట్టాలుగా వంచేసింది.

అందుకే విషం పట్టును సడలించి చూసిన ప్రయోగాలంటే నాకు గౌరవం. 2012లో అమెరికాలో ఐదు ముక్కల్లో నాలుగింటికి పట్టు లేకుండా చేసి కలరా విషాన్ని కణాల మీద వదిలారు. ఒక్క పట్టుతోనే అది లోపలికి దారి కనుక్కుంది, కాకపోతే జోరు తగ్గింది. 2015లో ఇంకో సంగతి తేలింది: మనిషి పేగు నుంచి వచ్చిన కణాల్లో ఈ విషం ఫ్యూకోజ్ అనే చక్కెర ఉన్న ప్రొటీన్లను కూడా పట్టుకుంటుందట. అంటే మచ్చ కనబడినంత మాత్రాన అది జీఎం1 అని చెప్పడానికి లేదు. సీసాల మీద లేబుళ్లు మార్చాలి. మార్చినవాళ్లు నాకు ఎక్కువమంది కనబడలేదు. పచ్చటి మచ్చ చూపించి కింద జీఎం1 అని రాయడం ఇంకా నడుస్తూనే ఉంది.