తీపి పుచ్చకాయ, ఉప్పటి ఫెటా

జూన్ వచ్చిందంటే గ్రీసు పట్నాల్లో పుచ్చకాయల బండ్లు వీధివీధీ తిరుగుతాయి. వాటిలో పెలొపొనీస్ పడమటి అంచున ఉన్న ఇలియా ప్రాంతపు కాయలకు మంచి పేరు. బండివాడు మైకులో ‘కత్తితో!’ అని కేక వేస్తాడు. కోసి చూపించాకే డబ్బు తీసుకుంటానని భరోసా ఇవ్వడమన్నమాట. మన రోడ్ల పక్కన పందిరి కింద కూర్చున్నాయన కాయకు మూడు మూలల ముక్క కోసి ఎరుపు చూపించడం లాంటిదే ఇదీ. కాయ ఇంటికి చేరాకే దారులు మారతాయి. మనం ఉప్పో, మిరియాల పొడో చల్లుకుంటాం. వాళ్లు పక్కన ఓ గడ్డ ఫెటా చీజ్ పెట్టుకుంటారు.

నిజానికి ఇది సలాడ్‌గా పుట్టింది కాదు. పళ్లెంలో పుచ్చకాయ బద్దలు, పక్కన చీజ్, కాస్త రొట్టె. పొయ్యి వెలిగించబుద్ధి కాని ఆగస్టు రాత్రి చాలా ఇళ్లలో అదే భోజనం. ముక్కలు కోసి, పుదీనా తుంచి, ఆలివ్ నూనె చిలకరించి గిన్నెలో కలిపి పెట్టడం రెస్టారెంట్లూ వంట పుస్తకాలూ దిద్దిన రూపం. పోనీ, ఇది గ్రీకుల సొత్తేనా అంటే అదీ కాదు. తుర్కియేలో తెల్ల చీజ్‌తో, సైప్రస్‌లో హల్లూమీ అనే చీజ్‌తో ఇలాగే తింటారు. ఈజిప్టు వాళ్లకూ ఈ అలవాటు ఉంది. అయినా పేరు గ్రీసుకే వచ్చిందంటే అది ఫెటా చలవే.

ఫెటా కథ పాలతో మొదలవుతుంది. గొర్రె పాలు, కావాలంటే అందులో 30 శాతం మించకుండా మేక పాలు. ఆవు పాలు చుక్క కూడా కలపకూడదు. గొర్రె పాలలో వెన్న ఆవు పాలకన్నా బాగా ఎక్కువ, పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం దాదాపు ఉండదు. అందుకే ఫెటా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. పాలలో రెన్నెట్ వేసి గడ్డ కట్టిస్తారు, గడ్డను కోసి చిల్లుల అచ్చుల్లోకి తీస్తారు. మీద బరువు పెట్టరు, నీరు దానంతట అదే ఓడిపోవాలి. గట్టిపడ్డాక ముక్కలు చేసి, ఉప్పు అద్ది, చెక్క పీపాల్లోనో రేకు డబ్బాల్లోనో ఉప్పునీళ్లలో ముంచుతారు. మొదటి పదిహేను రోజుల వరకు కాస్త వెచ్చటి గదిలో, ఆపైన చల్లటి గదిలో, మొత్తం మీద కనీసం 2 నెలలు మాగాలి. గొర్రెలు దండిగా పాలిచ్చేది వసంతంలో. ఆ పాల చీజ్ మాగి బయటికొచ్చే వేళకు పొలంలో పుచ్చకాయ పండి ఉంటుంది. ఈ రెంటినీ ఒక పళ్లెంలోకి చేర్చింది ఏ వంటవాడో కాదు, రుతువే.

గొర్రె పాలను గడ్డ కట్టించి బుట్టల్లో ఓడ్చే పని హోమర్ ‘ఒడిస్సీ’లో ఒంటికన్ను రాక్షసుడు పోలిఫీమస్ గుహలోనే కనిపిస్తుంది. ఇంత పాతదాని పేరు కోసం ఈ కాలంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. డెన్మార్క్, జర్మనీ ఆవు పాల చీజ్‌ను అదే పేరుతో అమ్మేవి. 2002లో యూరోపియన్ యూనియన్ ఆ పేరును గ్రీసు ప్రధాన భూభాగానికీ, లెస్బోస్ దీవి ఉన్న ప్రాంతానికీ కట్టబెట్టింది. 2005లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది.

సరే, ఈ జత ఎందుకు కుదిరింది? పుచ్చకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. తీపి ఉంది, చలవ ఉంది, పంటికి తగిలే బరువు లేదు. ఆ లోటును చీజ్‌లోని కొవ్వు, పులుపు తీరుస్తాయి. కొద్దిపాటి ఉప్పు నాలుక మీద తీపిని పైకి తెస్తుందన్నది జామకాయ తినే మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే చల్లిన ఉప్పు అంతటా ఒకేలా పరుచుకుంటుంది. ఫెటా అలా కాదు. ఒక నములుడులో తీపి, మరుసటి దాంట్లో ఉప్పటి ముద్ద, ఆ వెనకే కాస్త మేక వాసన. నా మటుకు రుచంతా ఆ ఎగుడుదిగుడులోనే ఉంది. అందుకే చీజ్‌ను మరీ పొడి చేసేస్తే నేను ఒప్పుకోను.

ఒక చిత్రం: ఆగస్టు 1 నుంచి 14 దాకా, మరియమాత పండుగకు ముందు, ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాస దినాలు. పాలు, చీజ్ ముట్టరు. పుచ్చకాయలు గుట్టలుగా పోసి ఉన్న రోజుల్లోనే నిష్ఠగల వాళ్ల పళ్లెంలో ఫెటా ఉండదు!

ఇక చేసే తీరు. నలుగురికి గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు కిలో, ఫెటా 200 గ్రాములు, గుప్పెడు పుదీనా, రెండు పెద్ద చెంచాల మంచి ఆలివ్ నూనె, అరచెక్క నిమ్మరసం, మిరియాలు. కాయను ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. కోసిన ముక్కలను కాసేపు చిల్లుల గిన్నెలో ఉంచితే పైనీరు కారిపోతుంది. పుదీనాను కత్తితో తరగకండి, నల్లబడుతుంది. చేత్తో తుంచండి. ఫెటాను వేళ్లతో విరిచి ఉసిరికాయంత ముక్కలుగా పైన వేయాలి, గరిటెతో కలియబెట్టకూడదు. ఉప్పు అసలు వేయొద్దు. ఉల్లిపాయ ఇష్టమైతే సన్నగా తరిగి, చన్నీళ్లలో నానబెట్టి, పిండి వేసుకోవచ్చు. ఫెటా మరీ ఉప్పగా అనిపిస్తే కాసేపు మంచినీళ్లలో ఉంచితే తగ్గుతుంది.

ఫెటా దొరకనిచోట పనీర్ వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ అది వేరే వంటకం అవుతుంది. పనీర్ నిమ్మరసంతో విరిగిన పాలముద్ద. దానికి ఉప్పూ లేదు, మాగిన పులుపూ లేదు. లీటరు నీళ్లలో 70 గ్రాముల ఉప్పు కరిగించి ఒక రాత్రి నానబెడితే ఉప్పు పడుతుంది, పులుపు రాదు. అప్పుడు నిమ్మరసం కాస్త ఎక్కువ పిండుకోండి. శాకాహారులు ఇంకో సంగతి గమనించాలి. సంప్రదాయ రెన్నెట్ గొర్రెపిల్ల, మేకపిల్ల పొట్టలోంచి తీసినది. కొనేముందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి. రక్తపోటు ఉన్నవాళ్లు చీజ్ మోతాదు తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, తినేవాళ్లు కూర్చున్నాకే కలపండి. ఉప్పు తగిలిన నిమిషం నుంచి పుచ్చకాయ నీరు వదలడం మొదలుపెడుతుంది, అరగంటలో గిన్నె అడుగున గులాబీ రంగు చెరువు. మిగులుతుందనిపిస్తే కాయనూ చీజ్‌నూ విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపినది మర్నాటికి పనికిరాదు.