మునికుమారుని భయము

శ్రవణకుమారుని కథ మన పాఠ్యపుస్తకములలో నొక బొమ్మగా మిగిలినది: భుజముపై కావడి, రెండు బుట్టలలో వృద్ధులైన తల్లిదండ్రులు, తీర్థయాత్ర. వాల్మీకిలో నీ కావడి లేదు. శ్రవణుడను పేరును లేదు. అయోధ్యాకాండమున దశరథుడు తన మరణరాత్రి కౌసల్యకు జెప్పిన కథలో నున్నవి సరయూతీరము, చీకటి, కుండ నిండు చప్పుడు, ఏనుగని భ్రమించి విడిచిన బాణము.

ప్రాణము పోవుచున్నను ఆ మునికుమారుడు తనకై యంతగా దుఃఖింపలేదు. అంధులైన తల్లిదండ్రులను పోషించువారెవరని దుఃఖించినాడు. దప్పికగొని వారు తనకై యెదురుచూచుచుందురని తలచినాడు. దీనికి మనము పితృభక్తి యని పేరుపెట్టితిమి. భక్తియే, కాదనను, కాని యది ముందుగా భయము. ఆ మాటను మాత్రము వ్యాఖ్యాతలును హరిదాసులును నోటికి రానీయరు.

భారతమున ధర్మవ్యాధుడు తల్లిదండ్రులే తనకు దైవములని కౌశికునకు జూపును. భుజించి, తృప్తులై, తెల్లని వస్త్రములతో నుత్తమాసనముపై గూర్చున్న వృద్ధులు! ఉదాత్తమైన ఘట్టమే. అక్కడ భయమునకు దావు లేదు, రోగము లేదు గనుక. ఆ చిత్రమునే తెచ్చి రోగిమంచము ప్రక్కన నిలుపుట వలన గీడు కలుగుచున్నది.

నా తల్లి జబ్బుపడిన యేట రాత్రులయందామె యూపిరి నాలకించుచు మేలుకొనియుంటిని. "దేవుని నమ్మినవానికి భయమేమిరా?" యని యొక పెద్దాయన మందలించినాడు. సిగ్గుపడితిని. ఆమె పాదములు వాచినవి. తలగడలెత్తుగా లేనిదే పండుకొనలేకున్నది. అయినను రెండు దినములు వైద్యునికి జెప్పలేదు. చెప్పినచో మ్రొక్కిన మ్రొక్కును నేనే శంకించినట్లగునని తోచినది. ఆయన వచ్చి, గుండె నీరసించి యూపిరితిత్తులలో నీరు చేరినదనియు, ముందే పిలువవలసినదనియు ననెను.

వాల్మీకి మునికుమారుడట్టి పొరపాటు చేయలేదు. తన్ను గొట్టినవానినే, తండ్రికి జెప్పుమని వేడుకొన్నాడు. ఆశ్రమమునకు బోవు కాలిబాటను జూపినాడు. దప్పికను మరువనిదియు, బాటను జూపించినదియు నా భయమే. పిదప దివ్యరూపముతో నింద్రుని వెంట వచ్చి తల్లిదండ్రుల నోదార్చుట కథకు గావలసియుండవచ్చును. నా మనస్సున కంతగా నెక్కదు.

తరగతిలో నీ కథ చెప్పునపుడు కావడి బొమ్మను జూపుట మానినాను. కాలిబాటను గూర్చి చెప్పుదును. మొన్న నొక పిల్లవాడు లేచి, "ఆ నీళ్లు వాళ్లు త్రాగినారా, మాస్టారూ?" యని యడిగినాడు. దశరథుడు నిండుకుండతోనే పోయినాడనియు, అడుగుల చప్పుడు విని యా ముసలితండ్రి "ఇంత యాలస్యమేల, నీరు త్వరగా దె"మ్మన్నాడనియు జెప్పితిని. పిల్లవాడు కూర్చుండలేదు.