ధర్మకాంట చీటీలతో ఒక కొలాజ్

మా పాప స్కూల్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. రెండో తరగతి. పనికిరాని వస్తువులతో ఏదైనా చేసుకురావాలి. సంగారెడ్డిలో స్టేషనరీ షాపుకెళ్తే నాలాంటి తల్లిదండ్రులు అప్పటికే నలుగురున్నారు. గ్లిట్టర్ షీట్లు, ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్, గ్లూ గన్ తీసుకుని, మూడొందల చిల్లర బిల్లు కట్టి, వేస్టుతో బెస్టు చేయడానికి ఇంటికొచ్చాం. ఆ పుల్లలు ఒక్క ఐస్‌క్రీమును కూడా చూసినవి కావు.

నవ్వుకున్నాను గానీ, కొలాజ్ చరిత్ర మొదటి పేజీ కూడా దాదాపు ఇలాంటిదే. 1912లో జార్జ్ బ్రాక్ అవిన్యోలో ఒక షాపులో చెక్క చారల డిజైనున్న వాల్‌పేపర్ కొన్నాడు. ముక్కలు కోసి, బొగ్గుతో గీసిన బొమ్మలో అంటించాడు. అంతకు కొన్ని నెలల ముందు పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్‌ని తన బొమ్మలో అతికించాడు. వాళ్ళ గొడవ చెత్త గురించి కాదు. చెక్కను గీయడమెందుకు, చెక్కలా కనిపించే కాగితం ఉండగా? అదీ వాళ్ళ ప్రశ్న.

చిత్తుకాగితం తన సొంత మొహంతో బొమ్మలోకి వచ్చింది కుర్ట్ ష్విట్టర్స్‌తోనే అని నా లెక్క. హానోవర్ మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఒక ఇనుప కార్ఖానాలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున షిఫ్టు బస్సు కోసం నిలబడేవాళ్ళలో ఒకడనుకోండి. యుద్ధం అయ్యాక ట్రామ్ టికెట్లు, రేపర్లు, పేపరు ముక్కలు ఏరుకొచ్చి అతికించడం మొదలుపెట్టాడు. ఒక ప్రకటనలో ‘కొమ్మెర్ట్స్’, అంటే వ్యాపారం, అన్న మాట సగం తెగిపోగా మిగిలిన ‘మెర్ట్స్’నే తన కళకు పేరుగా పెట్టుకున్నాడు. అతని పనిలో టికెట్టు రంగు కోసం, అంచు కోసం ఉంటుంది, నిజమే. కానీ అది టికెట్టని దాచడు. ఎవరో ఎక్కారు, ఎక్కడో దిగారు.

ఇప్పటి వీడియోల్లో వేస్ట్ క్రాఫ్ట్ నాకు నచ్చనిది సరిగ్గా ఇక్కడే. మొదటి పని తెల్ల రంగు పూయడం. అట్టపెట్టె మీది కంపెనీ పేరు, ‘దిస్ సైడ్ అప్’ బాణం, టేపు పీకిన గీత, అన్నీ పోవాలి. ఆఖర్న చప్పట్లు ‘ఇది అట్టపెట్టె అంటే నమ్మలేం’ అన్నందుకే. మా ఆఫీసులో పాత కోడు మీద కొత్త స్క్రీను తొడిగి డెమో ఇస్తాం కదా, అదే పని.

అరవింద్ గుప్తా దారి వేరు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణెలో ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేసి, 1978లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమానికి వెళ్ళి, అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబూ పట్టుకున్న మనిషి. ఆయన పుస్తకాలు కొన్ని తెలుగులో ఉచితంగానే దొరుకుతాయి. ఆయన దేన్నీ దాచడు, నిజమే. కానీ ఆయనకు కావలసింది పుల్ల పొడుగు, రబ్బరు సాగుడు. ఆ వస్తువు నిన్న ఏం చేసిందో ఆయనకు పని లేదు. అది లోటు అనను. బొమ్మ విరిగితే ఇంకోటి చేసుకోవడమే అక్కడ పాఠం.

నా వాదనకు నిజంగా అడ్డొచ్చేది బినోద్ బిహారీ ముఖర్జీ. యాభైల్లో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయింది. అప్పుడు రంగు కాగితాలు కత్తిరించి, చేత్తో తడుముకుంటూ మనుషుల్ని అతికించాడు. అక్కడ కాగితానికి గతం లేదు, ఉన్నదంతా అంచే. అవి చూసినప్పుడు నా సిద్ధాంతం నాకే చిన్నదనిపిస్తుంది. అయినా వదులుకోలేకపోతున్నాను, మా ఇంట్లో ఉన్న కాగితాల వల్ల.

మా నాయిన పటాన్‌చెరు రోడ్డు మీద ఒక ధర్మకాంటలో ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. లోడు లారీ బరువు గ్రాస్, ఖాళీ బండిది టేర్, తేడా నెట్. ప్రింటు సరిగా పడని చీటీల్ని వెనక లెక్కలు రాసుకోడానికి ఇంటికి తెచ్చేవాడు. తెలుపు, గులాబి, పసుపు, మధ్యలో కార్బన్ మరకలు. ఈ బెల్టులో ఇంకా ఏం దొరకవు? మాత్రల పెట్టెలో మడతపెట్టే పల్చటి కరపత్రాలు, అచ్చు తప్పిన కార్టన్లు, గేట్ పాసులు. మందుల డ్రమ్ముల మీది లేబుళ్ళు మాత్రం పిల్లల చేతికివ్వకండి. నక్కవాగు సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

గ్లిట్టర్ పక్కన పెట్టి, ఆ చీటీల్తోనే పాప ఒక లారీ చేసింది. పల్చటి కాగితం కదా, ఫెవికాల్ ఎక్కువైతే ముడతలు పడింది. మైదా లై పల్చగా రాసి, పైన పుస్తకాలు పెడితే సాపుగా వచ్చింది. కొత్త రకం థర్మల్ చీటీలు వాడలేదు, వాటి మీద అక్షరాలు కొన్నాళ్ళకు ఎగిరిపోతాయి. కొలాజ్‌గా చూస్తే లోపాలున్నాయి. చక్రాలు మరీ బరువుగా ఉన్నాయి, ఆకాశం అంతా ఒకే పసుపు, పైన కుడి మూల ఊరికే నింపింది. కానీ లారీ ఒంటి మీద 24,360 అని గ్రాస్, కింద 9,180 అని టేర్ కనిపిస్తున్నాయి.

నాయిన అద్దాలు పెట్టుకుని చానాసేపు చూశాడు. బాగుందంటాడేమోనని పాప ఎదురుచూస్తోంది.

“ఈ టేరు ఈ బండిది కాదు బిడ్డా. ఇది వేరే లారీది” అన్నాడు.

పాప కత్తెర తెచ్చింది, పీకేద్దామని. వద్దన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, ఆ రెండు ముక్కల పక్కన సన్నగా 15,180 అని రాసి, కింద సంతకం పెట్టాడు.

టీచరు పిచ్చిగీతలు తీసేసి నీట్‌గా చేసుకురమ్మని పంపింది. తియ్యలేదు.